రెండో చరణం కోసం బాగన్ దాతుక్ దాకా

మలేసియాలో మా ఆఫీసు తెలుగువాళ్ళకి ఫోన్లో ఒక గ్రూపుంది. అందులో ఎవరైనా తెలుగు తప్పు రాస్తే చాలు, వెంటనే ఒక బొమ్మ వచ్చి పడుతుంది. నీలం పట్టుచీర, తలనిండా మల్లెపూలు, చేతిలో మైకు, గడ్డం పైకెత్తి నిలబడ్డ ఒకావిడ. కింద పసుపు అక్షరాలతో "తెలుగే అయ్యగారూ!" అని ఉంటుంది. ఆ బొమ్మ కింద వరసగా నవ్వే మొహాలు. నాకు మాత్రం చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది. ఎందుకంటే ఆవిడ ఆ మాట అన్న సాయంత్రం నేను ఏలూరులో మా ఇంట్లో టీవీ ముందే ఉన్నాను.

దేశదేశాల తెలుగువాళ్ళు పాడే పాటల పోటీ అది. మా తరం ఇళ్ళల్లో "పోటీ" అంటే అదొక్కటే, వేరే పేరు అక్కర్లేదు. ఆవిడ మలేసియా తరఫున వచ్చింది. వాళ్ళ నాయనమ్మ పాడే జోలపాట ఎత్తుకుంది. ఆ పాటలో ప్రతి పాదం చివరా "సాయాంగూ" అని వస్తుంది. మొదటి చరణం అయీ అవకముందే న్యాయనిర్ణేతల్లో ఒకాయన చెయ్యెత్తి ఆపాడు. "సాయాంగు అంటే ఏమిటమ్మా, సాయంకాలమా?" అన్నాడు. "ముద్దు మాటండి" అందావిడ. "అది తెలుగు మాట కాదు కదమ్మా!" అన్నాడాయన. అప్పుడు ఆవిడ గడ్డం పైకెత్తి, తడుముకోకుండా, "తెలుగే అయ్యగారూ!" అంది. హాలంతా విరగబడి నవ్వింది. కెమెరా ఆ నవ్వులన్నీ ఒక్కొక్కటిగా తిరిగి తిరిగి చూపించింది. ఆవిడ రెండో చరణం ఎవరూ వినలేదు. మరుసటి వారం నుంచి ఆవిడ లేదు.

పోయిన నెల క్యాంటీన్లో ఈ గొడవంతా సురేష్ ముందు వెళ్ళగక్కాను. సురేష్ నా పక్క సీటువాడు, మలేసియాలోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడమంటే మొహమాటం. అంతా విని, స్పూను కింద పెట్టి, "అక్కా, ఆవిడ మా పెద్దమ్మ లా" అన్నాడు. మాట చివర "లా" తగిలించడం ఇక్కడివాళ్ళ అలవాటు. ఇన్నాళ్ళూ గ్రూపులో ఆ బొమ్మ చూస్తూ ఎందుకూరుకున్నావయ్యా అంటే భుజాలెగరేశాడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. "పోటీ వోళ్ళు పెద్దమ్మకి ఫోన్ సేస్తన్నారు, మళ్ళీ రమ్మని. వోళ్ళ తెలుగు మావోళ్ళకి తెలదు. మా తెలుగు వోళ్ళకి తెలదు. శనివారం మళ్ళీ సేస్తారంట, అదే లాస్టంట. నువ్వు నడుమన ఉండి సెప్పగలవా?"

అలా తెలుగుకీ తెలుగుకీ మధ్య దుబాసీ పనికి ఒప్పుకుని, మా ఆఫీసున్న సైబర్‌జయ నుంచి ఆవిడ ఉండే బాగన్ దాతుక్‌కి బయల్దేరాను.

దారి చెప్తాను, మీలో ఎవరికైనా పనికొస్తుంది. తెల్లవారుతుండగానే బయల్దేరడం మంచిది. సైబర్‌జయ నుంచి పెద్ద రోడ్డెక్కి క్లాంగ్ వైపు వెళ్ళాలి. అక్కడిదాకా టోళ్ళే టోళ్ళు, కార్డులో ముందే డబ్బు వేసుకోండి. క్లాంగ్ దాటాక కాపార్, కువాలా సెలాంగోర్, సెకించాన్, సుంగై బెసార్, సాబక్ మీదుగా తీరం వెంబడి పాత రోడ్డు పైకి పోతుంది. తర్వాత బెర్నామ్ నది వంతెన దాటితే పేరాక్ రాష్ట్రం. హుటాన్ మెలింతాంగ్ దగ్గర ఎడమకి తిరిగి తిన్నగా పోతే బాగన్ దాతుక్. ఎక్కడా ఆగకపోతే మూడు గంటలు. పెట్రోలు, టోళ్ళు కలిపి రానూపోనూ వంద రింగిట్ల లోపే. కొత్త హైవే ముక్కలు ముక్కలుగా తెరిచారు కానీ, ఊళ్ళు చూడాలంటే పాత రోడ్డే ఎక్కండి.

నేను ఊళ్ళు చూడలేదు. చూసే స్థిమితం లేదు. నేను మామూలుగానే కుదురుగా ఉండలేను. ఎర్ర లైటు దగ్గర కూడా ఎడమకాలు ఊగుతూనే ఉంటుంది. కాళ్ళూపితే దరిద్రమని మా అమ్మ చిన్నప్పుడు తొడమీద చరిచేది, అయినా ఆగలేదు. ఆ రోజు మరీను. ఆవిడ రానంటే ఏం చెప్పాలి? వస్తానంటే ఏం చెప్పాలి? పోటీ వాళ్ళ మీద కోపమే తప్ప నా దగ్గర వేరే ఏమీ లేదు, దాన్నేసుకుని దుబాసీ పని ఎలా చెయ్యను?

ఆ కోపం కూడా వట్టి కోపం కాదు. ఆ పోటీ అంటే నాకు ప్రాణంగా ఉండేది. మొదట్లో కాగితప్పూల వేదిక, ఒక హార్మోనియం, ఒక తబలా, ముగ్గురు కళ్ళద్దాల పెద్దమనుషులు. మారిషస్, దక్షిణాఫ్రికా, ఫిజీ, మలేసియా అని దేశం పేరు పిలిస్తే ఎవరో ఒకరు భయపడుతూ వచ్చి పాడేవాళ్ళు. ఏ వయసువాళ్ళైనా రావచ్చు. పాట అయ్యాక ఆయా దేశాల నుంచి ఫోన్లో మార్కులు చదివేవారు. గొంతు రెండు సెకన్లు ఆలస్యంగా వచ్చేది, ఆ రెండు సెకన్లూ మా వీధి వీధంతా ఊపిరి బిగబట్టేది. మ్యాపులో ఫిజీ ఎక్కడుందో నేను ఆ పోటీ వల్లే వెతికాను. తర్వాత మెసేజీల ఓట్లొచ్చాయి. జడ్జీలు పోట్లాడుకోవడం మొదలైంది. ముందు వరసలో తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి ఏడిపించడం మొదలైంది. తర్వాత పాటలో పాట తగ్గి పొగ, లైట్లు పెరిగాయి. ఇరవై అయిదు దాటితే ముసలివాళ్ళంటూ తీసేశారు. ఇప్పుడు ఎవరూ టీవీలో చూడరు, ఫోన్లో ముక్కలు చూస్తారు. ఈ ఏడు మొదటి ఎపిసోడ్ చూద్దాం రండని ఇంటికి పిలిచి పులిహోర చేస్తే, ఒక్కరూ రాలేదు. క్లిప్పులొస్తాయిగా అన్నారు. రెండు రోజులు ఆ పులిహోరే తిన్నాను.

సెకించాన్ దగ్గర ఆగాను. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఒక మలయ్ ఆవిడ కొబ్బరిపాల అన్నం, టీ అమ్ముతోంది. వెనక వరిపొలాలు, గాలికి పచ్చగా కదులుతున్నాయి. "నాక్ మినుమ్ అపా, సాయాంగ్?" అంది, ఏం తాగుతావు బంగారం, అని. ఇక్కడ మలయ్ అమ్మలు కొనవచ్చిన వాళ్ళందరినీ అలాగే పిలుస్తారు, ఏళ్ళుగా వింటున్నదే. కానీ ఆ ఉదయం ఆ మాట వినగానే ఉలిక్కిపడ్డాను. టీ సగం తాగి లేచాను. ఆవిడ గ్లాసు వైపు చూసి, నాలిక చప్పరించి, "సాయాంగ్ లా!" అంది. మలయ్‌లో ఆ మాటకి ఇంకో అర్థం ఉంది. ఏదైనా పాడైపోతుంటే, చేజారిపోతుంటే, అయ్యో వృథా అయిపోయిందే అన్నట్టు అంటారు. నాకొచ్చిన ముక్కల మలయ్‌లో, "సాయాంగ్ నేనా, టీయా?" అని అడిగాను. ఆవిడ పెద్దగా నవ్వింది. "దువా దువా" అంది, రెండూ అని. మిగతా సగం కూడా తాగి, అయిదారు రింగిట్లు ఇచ్చి కదిలాను.

వంతెన దాటాక రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరి, పామాయిల్ తోటలు. ఫోన్లో దారి చూపించేది ఒకచోట చేతులెత్తేసింది. మోటారుసైకిలు మీద కొబ్బరికాయల గోతాలు కట్టుకుపోతున్న పెద్దాయనని ఆపి, తెలుగువాళ్ళ ఇళ్ళెక్కడని అడిగాను. "ఏ తెలుగు వోళ్ళు? అందరం తెలుగువోళ్ళమే. పేరు సెప్పు" అన్నాడు. సురేష్ పెద్దమ్మ పేరు, పైడమ్మగారని చెప్పాను. "పాటల పైడమ్మా? పాడదు కదా ఇప్పుడు. తిన్నగా ఎల్లు, నీలం గేటు" అని గోతాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

నీలం గేటు తీస్తుంటే లోపల్నుంచి గొంతు వినిపించింది. "ఈ గుంటెవులే శాంతీ?" నేను ఠక్కున కాళ్ళ దగ్గర చూసుకున్నాను. మా ఏలూరులో గుంటంటే వానకి నీళ్ళు నిలిచేది. చంకలో పసిబిడ్డతో ఒక ఇరవై ఏళ్ళ అమ్మాయి నవ్వుతూ వచ్చింది. పైడమ్మగారి మనవరాలు శాంతి. "అక్కా, గుంట అంటే గాళ్, ఆడపిల్ల. అమ్మమ్మ నిన్నే అన్నాది" అంది. నలభైకి దగ్గరపడ్డ నన్ను గుంట అన్నందుకు నాకు భలే సంతోషమేసింది.

పైడమ్మగారు బొమ్మలో కంటే చిన్న మనిషి. తెల్లజుట్టు ముడి, పూల చొక్కా, బాతిక్ అద్దకం లుంగీ. నేను కూర్చున్న క్షణం నుంచీ నా కాలునే చూస్తోంది. "ఆ కాలేటి అలగ ఊగతాంది? సీమలెక్కినాయేటి?" అంది. కాలు ఆపాను. రెండు నిమిషాలకి మళ్ళీ మొదలైంది.

ఫోను రెండింటికి వస్తుందన్నారు. పదిన్నరకే చేరిన నేను అప్పటిదాకా ఏం చెయ్యను? ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. చెక్క ఇల్లు, రేకుల కప్పు, నడవలో దూలానికి లావాటి ఇనప స్ప్రింగు, దానికి సరోంగనే లుంగీ గుడ్డతో కట్టిన ఉయ్యాల. శాంతి పాపని అందులో వేసి, పక్కన ఫోను పెట్టి, ఏదో జోలపాట మోగించింది. విని గుర్తుపట్టాను. అది పోటీలో పోయినేడాది గెలిచిన అమ్మాయి పాడిన పాటే. పాప నిద్రపోయింది. మా వీధినంతా ఊపిరి బిగబట్టించిన పోటీ, చివరికి ఒక పసిపిల్లని పడుకోబెట్టడానికి పనికొస్తోంది. అది దిగజారడమో, బాగుపడడమో నాకు తేలలేదు. "అమ్మమ్మ పాడదు" అంది శాంతి చిన్నగా. "నా చిన్నప్పుడు పాడినాదంట. ట్యూన్ కొంచెం తెలుసు. మాటలు తెలదు."

నా తిరుగుడు చూడలేక కాబోలు, పైడమ్మగారు చెప్పులేసుకుని, "రా, హాలు సూపిస్తాను" అంది. వీధి చివర పాత ఎస్టేటు హాలు, ఓడల్లో వచ్చిన తోటకూలీల నాటిది. కిటికీలన్నీ ఇటుకలతో మూసేసి ఉన్నాయి, చిన్న చిన్న కంతలు మాత్రం వదిలారు. లోపల్నుంచి పిట్టల కిచకిచలు చెవులు చిల్లులు పడేలా వస్తున్నాయి. సూపులో వేసుకునే గూళ్ళ కోసం చేసే పిట్టల పెంపకమట. ఆ కిచకిచలు పిట్టలవి కావు, వాటిని రప్పించడానికి స్పీకర్లో వేసే రికార్డు. పొద్దుగూకులూ అలా మోగుతూనే ఉంటుందట.

"ఇక్కడే ఒక్క టీవీ ఉండీది" అంది పైడమ్మగారు, ఆ మోతలో గొంతు పెంచి. "పోటీ రోజు లారీలేసుకుని వచ్చీవోరు. తమిళోళ్ళు కూడా వచ్చి కూకునీవోరు. మలేసియా అని పిలిస్తే సాలు, ఒకటే ఈలలు. మారిసస్సోళ్ళకి మార్కులెక్కువ పడితే మావోళ్ళు తిట్టీవోరు." కాసేపు ఆ మూసేసిన కిటికీల వైపు చూసింది. "నానెల్లొచ్చినాక ఎవులూ పోటీ పెట్టనేదు. నా ముందర పెట్టకూడదని. ఎవులూ అనుకోలేదు, అందరూ మానేసినారు."

పోటీని జనం ఎందుకు మానేశారని నేను దారంతా లెక్కలేసుకుంటూ వచ్చాను. ఈ ఊళ్ళో మాత్రం పొగా లైట్లూ కారణం కాదు. ఒక మనిషి మొహం చూసి మానేశారు.

భోజనానికి చేపల కూర. ఒక ముద్ద తిని బాగుందనే లోపు పైడమ్మగారు అడిగింది, "సంతానెక్కువైపోనాదేటి?" నాకు సిగ్గేసింది. "ఒక్కతే అమ్మాయి మామ్మా" అన్నాను. అమ్మమ్మా మనవరాలూ నా మొహం చూసి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, పొట్ట పట్టుకుని నవ్వారు. సంతాన్ అంటే కొబ్బరిపాలట, మలయ్ మాట. నేనూ నవ్వాను. నవ్వుతూనే పైడమ్మగారు అంది, "ఇది మలాయి మాటని నాకు తెలుసు. కానీ ఎన్నని తెలస్తాయి? మనం భూమి అంటే వోళ్ళూ బూమీ అంతారు. మన భాష వోళ్ళకి బహాసా. మన సామి వోళ్ళకి సుఆమీ, మొగుడు. అన్నీ మనవే కదా పట్టుకెల్లినారు! సాయాంగు కూడా అలగే మన కాడినుంచే ఎల్లినాదనుకున్నాను. మా నాయినమ్మకి మలాయి రాదు, మరి పాటలోకి ఎలగొచ్చినాదనుకోను?"

నేను చెయ్యి కడుక్కోవడం మర్చిపోయి కూర్చున్నాను. ఆ రోజు స్టేజి మీద ఆవిడ మాటలో ఉన్న ధీమా ఎక్కడిదో అప్పుడర్థమైంది.

"ఎల్తారా మామ్మా?" అని అడిగాను.

"ఎల్లాలనుంది" అంది, దాచుకోకుండా. "ఆ నీలం సీర ఉంది ఇంకా. గొంతూ ఉంది. రెండో సరణం పాడాల. ఆయన సెయ్యెత్తీసినాడు కదా, అది గొంతులోనే ఉండిపోనాది. అది పాడీకుండా మొదటిది పాడబుద్ది కాదు. అందుకే ఇంట్లో కూడా మానీసినాను."

రెండు దాటింది. రెండుంపావు. నేను లేచి గేటు దాకా వెళ్ళి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. చివరికి పాప పక్కన పెట్టిన ఫోనే మోగింది, జోలపాట మధ్యలో ఆగిపోయింది. శాంతి దాన్ని నా చేతిలో పెట్టింది. స్పీకరు పెట్టాను. అవతల మర్యాదస్తుడైన కుర్రవాడు, పోటీ తరఫున పాతవాళ్ళని వెతికి పిలిచే పని అతనిది. రైలింజను వేగంతో మాట్లాడుతున్నాడు.

"నమస్తే మామ్మగారూ! మీరంటే మా టీమంతటికీ చాలా గౌరవమండీ. ఎలా ప్లాన్ చేశామంటే, ముందు పాత క్లిప్ వేస్తాం. ఆ నవ్వు, ఆ డైలాగు, మొత్తం. తర్వాత లైట్లన్నీ ఆగిపోతాయి. చీకట్లోంచి మీ ఎంట్రీ. అప్పటి జడ్జిగారే వచ్చి మీకు శాలువా కప్పి సారీ చెప్తారు. జనం ఏడ్చేస్తారండీ!"

పైడమ్మగారు నా వైపు చూసింది. "ముందు ఆ నవ్విందంతా మళ్ళీ చూపిస్తారంట మామ్మా" అన్నాను. "తర్వాత శాలువా కప్పి, తప్పైపోయిందంటారంట."

ఆవిడ ఆలోచించింది. "నవ్వు తీసీసి సాలువా కప్పొచ్చు కదా?"

ఆ మాట అతనికి చెప్పాను. అతను ఇబ్బందిగా నవ్వాడు. "అయ్యో, నవ్వు చూపించకపోతే సారీ ఎందుకో జనానికి ఎలా తెలుస్తుందండీ?"

అతను అన్నదీ నిజమే, అదే నాకు మరీ చికాకు. రెండో చరణం సంగతి అడిగాను. టైము నిమిషన్నరేననీ, అందులో మొదటి చరణం పడితేనే గొప్పనీ అన్నాడు. "అసలు ఆ సాయాంగ్ మాటే ఇప్పుడు హైలైటండీ. అప్పట్లో ఉచ్చారణ, స్వచ్ఛమైన తెలుగు అనేవాళ్ళు. ఇప్పుడు జనానికి యాసలే కావాలి. మామ్మగారు నవ్వుతూ, అవునండీ అది తెలుగు కాదు, మలయ్ మాటే అని స్టేజి మీద ఒక్కసారి ఒప్పుకుంటే చాలు. చాలా ముద్దుగా ఉంటుంది."

ఇది తిప్పి చెప్పే అవసరం రాలేదు. ఆవిడకి ఆ ముక్క అర్థమైపోయింది.

"నువ్వు సెప్పు" అంది నాతో. "నువ్వా దేశం కాడినుంచే వచ్చినావు. అది తెలుగా, కాదా?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఆవిడ కళ్ళలోకి చూస్తూ చెప్పలేకపోయాను. "కాదు మామ్మా. మలయ్ మాటే."

ఆవిడ తలూపింది. కోపం లేదు. "మా నాయినమ్మ పాడినాది. మా అమ్మ పాడినాది. నాను పాడినాను. ఇంకా ఎన్నాళ్ళు మా ఇంట్లో ఉంటే మీ తెలుగవుద్ది?"

ఫోన్లో కుర్రవాడు, "మామ్మగారు ఏమంటున్నారండీ?" అని రెండుసార్లు అడిగాడు. "రానని సెప్పు" అంది పైడమ్మగారు. రారట అని చెప్పాను. నవ్వు సగానికి తగ్గిస్తామన్నాడు. ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపింది.

శాంతి గోడకి చేరగిలబడిపోయింది. అమ్మమ్మతో పాటు తనూ వెళ్ళొచ్చని ఎంత ఆశ పెట్టుకుందో దాని మొహంలో కనిపిస్తూనే ఉంది. "సాయాంగ్ లా, అమ్మమ్మా..." అంది నీరుగారిపోయి. సెకించాన్ ఆవిడ సగం టీ చూసి అన్న మాటే, అంత మంచి అవకాశం పోయిందే, అని.

"ఏటన్నావే?" అంది పైడమ్మగారు.

"సాయాంగ్ అన్నాను" అంది శాంతి, ఈసారి కళ్ళనిండా నీళ్ళతో.

సరిగ్గా అప్పుడే ఉయ్యాల్లో పాప లేచి గుక్కపట్టింది. పాట ఆగిపోయి ఎంతసేపైందో మరి. శాంతి ఫోను కోసం నా చేతిలోకి చూసింది, ఫోన్లో ఇంకా ఆ కుర్రవాడున్నాడు. పైడమ్మగారు ఉయ్యాల దగ్గర చతికిలబడి నా వైపు తిరిగింది. "ఆ కాలిటు తే" అంది. ఉయ్యాల కింద కట్టిన తాడు కొస తీసి నా ఎడమపాదానికి మెలేసింది. "ఎలాగూ ఊపతన్నావు కదా, ఊపు." ఊపాను. స్ప్రింగు కిర్రుమంటూ ఉయ్యాల పైకీ కిందకీ ఆడింది. ఆవిడ గొంతు సవరించుకోలేదు, ఎక్కడా నిలబడలేదు, ఊరికే ఎత్తుకుంది.

"లాలి లాలి నా గుంట, సాయాంగూ,
కొబ్బరాకు నీడుంది, సాయాంగూ."

అక్కడిదాకా నాకు తెలుసు. అక్కడే ఆయన చెయ్యెత్తాడు. నా కాలు ఒక్క క్షణం ఆగబోయింది. ఆవిడ ఆగలేదు.

"ఓడ దిగి ఊరేదంటే, సాయాంగూ,
నువు పుట్టిందే నా ఊరు, సాయాంగూ.
ఏ మాటకి నువు నవ్వితే, సాయాంగూ,
ఆ మాటే నా మాట, సాయాంగూ."

చివరి "సాయాంగూ" దగ్గర ఇంకో గొంతు కలిసింది, శాంతిది, సన్నగా. పాప ఏడుపు ఆపి పైకి చూస్తోంది. ఆవిడ ఆ రెండో చరణం మళ్ళీ మళ్ళీ పాడింది, ఇన్నాళ్ళ బాకీ అంతా తీర్చుకుంటున్నట్టు. ప్రతిసారీ చివరి మాట దగ్గర వంగి పాప మొహంలోకి చూసేది. మూడోసారో నాలుగోసారో పాప బోసినోటితో నవ్వింది. నాకు ఏడుపాగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. కాలు మాత్రం ఊపుతూనే ఉన్నాను.

పాప కళ్ళు మూతలు పడ్డాక నా చేతిలో ఫోను మెల్లగా పలికింది. కుర్రవాడు ఇంకా లైన్లోనే ఉన్నాడు. అతని గొంతులో ఇప్పుడు ఆ పరుగు లేదు. "మామ్మగారూ... ఆ రెండో చరణం... ఇంకొక్కసారి పాడతారా? రికార్డింగ్ పెట్టుకుంటాను."

"పిల్ల పడుకున్నాది బాబూ" అంది పైడమ్మగారు గుసగుసగా. "ఫోను పెట్టీ."

తిరుగు ప్రయాణంలో నాలుగున్నరకి వంతెన దాటాను. కొబ్బరిపాల కూర ఒక డబ్బా, పచ్చి కొబ్బరికాయలు నాలుగు వెనక సీట్లో దొర్లుతున్నాయి. క్లాంగ్ దగ్గర ట్రాఫిక్కులో గంట ఇరుక్కున్నాను, కాలు యథాప్రకారం ఊగింది. ఈసారి దాన్ని తిట్టుకోలేదు.

ఆ ఎపిసోడ్ తర్వాత వచ్చింది, పైడమ్మగారు లేకుండానే. ఇంకెవరినో చీకట్లోంచి నడిపించారు, శాలువా కప్పారు, జనం ఏడ్చారు. నేనూ చూశాను, అలవాటు చావదు. ఆ పోటీ మీద కోపం పూర్తిగా పోయిందని అనను. ఒకప్పుడు ఆ మాటని సరిదిద్దితే జనం చూసేవారు, ఇప్పుడు అదే మాటని ముద్దు చేస్తే చూస్తున్నారు, రెండుసార్లూ మాట ఎవరిదో ఆ మనిషిని అడగలేదు. కానీ ఫిజీ ఎక్కడుందో వెతికించింది ఆ పోటీయే, పైడమ్మగారిని నా కళ్ళకి చూపించిందీ ఆ పోటీయే. ఇంత వయసొచ్చాక ఇప్పుడు నేనేం చెయ్యను, ఇష్టం ఇష్టంలాగే ఉంది, నొప్పి నొప్పిలాగే ఉంది. గ్రూపులో సోమవారం మళ్ళీ ఆ బొమ్మ పడింది. "ఈవిడ పేరు పైడమ్మగారు, బాగన్ దాతుక్. రెండో చరణం నేను విన్నాను" అని రాశాను. ఎవరూ నవ్వే మొహం పెట్టలేదు. కాసేపటికి సురేష్, తెలుగు అక్షరాల్లో, తప్పులతో, "ఎలా ఉన్నాది అక్కా" అని అడిగాడు. ఆ తప్పులకి ఎవరూ బొమ్మ వెయ్యలేదు. అతని కోసమే, పైడమ్మగారిని అడిగి, ఆ చరణం ఇక్కడ రాశాను.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సూచన. హుటాన్ మెలింతాంగ్ దాటాక పెట్రోలు బంకులు తక్కువ, అక్కడే ట్యాంకు నింపుకోండి. ఆ తర్వాత ఏ నీలం గేటు దగ్గరో ఎవరైనా మిమ్మల్ని "సాయాంగూ" అని పిలిస్తే, అది ఏ భాషని అడక్కండి. పలకండి.